కోతులంటే భయపడే ఫారెస్టరు

పోయిన వారం పురుషోత్తంపూర్ నుంచి సరుకుకొచ్చిన ఒక చిల్లర కొట్టాయన, బెల్లం దిమ్మలు బండికెక్కించుకుంటూ మాటల్లో మాటగా, ఫారెస్టరు బాబు పోయారటండీ అన్నాడు. ఏ ఫారెస్టరని అడిగితే, అదేనమ్మా, కోతుల కేసు పట్టారే, ఆయనే అన్నాడు. నేను గల్లాపెట్టె ముందు కూచున్నదాన్ని అలాగే ఉండిపోయాను. వెనక గదిలో శెనగపప్పు చెరుగుతున్న మా అత్తగారు చేట కింద పెట్టి గోడకి చేరబడ్డారు. ఆయన నంబరు నా ఫోన్లో ఉంది. కానీ పోయినవాడి నంబరుకి ఫోన్ చెయ్యడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది? బేరాలు వస్తూనే ఉన్నాయి, తూస్తూనే ఉన్నాను, మనసు మాత్రం అక్కడ లేదు. అరగంట పోయాక మా అత్తగారే చెయ్యవే అని కసిరితే చేశాను. అవతల ఆయనే ఎత్తాడు. సంగతి చెప్పాను.

"ఏటి షావుకారమ్మ గారూ, బతికున్నోడికి పిండం ఎట్టేస్తన్నారా?"

కొట్టాయన పొరబడ్డాడు, పోయింది వేరే ఆయన. కొండల వైపు పనిచేసి రిటైరైన ఇంకో ఫారెస్టరు. ఆ ఇంట్లోవాళ్ళని తలుచుకుంటే సంతోషపడినందుకు సిగ్గేసింది. కానీ సంతోషపడ్డాను, అబద్ధమెందుకు. ఆ అరగంటలో నాకు గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టే ఇక్కడ రాస్తున్నాను. మనిషి పోయాక మెచ్చుకునే బదులు బతికుండగా నాలుగు మాటలనుకోవడం నయం కదా.

మాది బరంపురం పెద్ద బజారులో పప్పులూ బెల్లమూ టోకుగా అమ్మే కొట్టు. మా మామగారి తాతలనాడు ఈ గడ్డ మీదికొచ్చారు. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, దేవుడి దగ్గర ఏది నోటికొస్తే అది. ఫారెస్టరు బాబుది పొడంపేట. సముద్రం మీద వేటకెళ్ళే తెలుగువాళ్ళ ఇల్లు. ఆ ఇంట్లో ఉద్యోగం చేసిన మొదటివాడు ఆయనే. ఎండలో ఎక్కడ తిరిగి వచ్చినా మా కొట్లో ఆగి, ఒక బెల్లం ముక్కా గ్లాసుడు నీళ్ళూ పుచ్చుకునేవాడు. అంతకుమించి పప్పుబద్ద కూడా ముట్టేవాడు కాదు. గుమ్మంలోకి రాగానే గుళ్ళోకి వచ్చినట్టు టోపీ తీసేసి, తీసుకెళ్ళి మా పెద్ద తక్కెడ కొక్కేనికి తగిలించేవాడు. నీ టోపీ బరువు కూడా కందిపప్పులో కలిపి అమ్మేస్తానని మా అత్తగారు ఆటపట్టించేవారు. కుర్చీ వేస్తే కూచునేవాడు కాదు. బస్తాకి ఆనుకుని నిలబడేవాడు. వెళ్ళేటప్పుడు ఖాకీ చొక్కా వీపంతా పిండి అంటుకుని ఉండేది. మేం చెప్పేవాళ్ళం కాదు, ఆయన ఎప్పుడూ దులుపుకునేవాడూ కాదు.

ఆయనకి ఇంకో అలవాటుండేది. కోపమొస్తే ఒడియా, భయమొస్తే తెలుగు. ఫోన్లో ఎవరినైనా ఒడియాలో గదమాయిస్తున్నాడంటే మేం మా పని చూసుకునేవాళ్ళం. మాట మధ్యలో తెలుగు పడిందంటే మాత్రం తూకం ఆపి చెవులు రిక్కించేవాళ్ళం.

ఆయన భయాల్లో పెద్దది కోతి. చెబితే ఎవరూ నమ్మరు, అడవిని కాసే మనిషికి కోతంటే భయం. పొడంపేటలో కోతులెక్కడివి? ఉన్నదంతా ఇసకా నీళ్ళూను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఋషికుల్య సముద్రంలో కలిసే మొగ దగ్గర తాబేలు గుడ్లకి కాపలా వేశారట. ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి. తాబేలంత మర్యాదస్తురాలు భూమ్మీద లేదనేవాడు. వస్తుంది, గుడ్లు పెడుతుంది, మన జేబుకేసి చూడకుండా తన దారిన తను పోతుంది. తర్వాత కొండ వైపుకి బదిలీ చేశారు. మొదటి రోజే ఒక గండు కోతి జీపు కిటికీలోంచి చెయ్యి పెట్టి ఆయన కళ్ళజోడు లాక్కుపోయిందట. ఆనాటినుంచి కోతులున్న చోట జీపు అద్దాలు దించేవాడు కాదు. లోపల చెమటలు కక్కుతూ కూచునేవాడు తప్ప దిగేవాడు కాదు. కింద పనిచేసే గార్డులు చాటుగా నవ్వుకునేవాళ్ళని ఆయనకి తెలుసు. మా అత్తగారు ఎదుటే నవ్వేవారు. అప్పుడాయన వాళ్ళ నాన్న మాట చెప్పేవాడు, సముద్రానికి బయపడనోడిని పడవెక్కనివ్వకూడదని.

ఆయనకీ మా అత్తగారికీ మధ్య ఎప్పుడూ ఉండే తగువు కూడా కోతుల గురించే. పురుషోత్తంపూర్ దారిలో, కొండ వాలున, రోడ్డు పక్కనే చిన్న ఆంజనేయస్వామి గుడి ఉంది. ప్రతి శనివారం పొద్దున్నే మా అత్తగారు నానబెట్టిన శెనగలు బకెట్టుతో పట్టుకెళ్ళి అక్కడి కోతులకి పెట్టేవారు. కింద పొయ్యడం కాదు, చేత్తోనే అందించేవారు. మా ఆయన సరుకుల ఆటోలో దింపేవారు, నేనూ తోడెళ్ళేదాన్ని. ఆవిడ మెట్టు మీద కూచుంటే కోతులు వరసకట్టి వచ్చి అరచేతిలోంచి ఏరుకు తినేవి. పొట్టకి పిల్లని హత్తుకున్న తల్లులు కూడా భయం లేకుండా వచ్చేవి. చూడ్డానికి ఎంతో బావుండేది. ఫారెస్టరు బాబు మాత్రం కనపడ్డప్పుడల్లా, వద్దు మామ్మ గారూ, మానెయ్యండి అని బతిమాలేవాడు. రోడ్డు మీద బళ్ళ కింద పడతాయని ఒకసారి, జబ్బులంటుకుంటాయని ఒకసారి. ఒకనాడు అసలు మాట చెప్పాడు.

"మీ సేతిలో తింటన్నాయంటే ఎవుడి సేతిలోనైనా తింటాయి. మీ సెయ్యి మంచిదే. అందరి సెయ్యీ మంచిది కాదు కదా."

స్వామికి పెట్టొద్దనడానికి నువ్వెవరివని మా అత్తగారు ఆయన్ని ఆ రోజు నీళ్ళివ్వకుండా పంపేశారు. మర్నాడు మామూలుగా వచ్చాడు. ఆవిడా మామూలుగా ఇచ్చారు.

ఆ ఏడాది ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆయన కొత్త కబురు మోసుకొచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళల్లో కోతులు మాయమవుతున్నాయట. ఎవరో దొంగచాటుగా పట్టి, పెట్టెల్లో కుక్కి, గిరిసోల గేటు మీదుగా ఆంధ్రా సరిహద్దు దాటిస్తున్నారట. ఎందుకంటే ప్రయోగాలకి. మందులు పరీక్షించే చోట్ల కోతులు కావాలి. చట్టప్రకారం దొరికేవి వాళ్ళకి చాలడం లేదు. అందుకని మధ్య దళారులు అడవి కోతిని పట్టి, ఫారంలో పుట్టి పెరిగినదని కాగితం పుట్టించి అమ్ముతున్నారు. మందు కనిపెట్టేవాళ్ళని తానేమీ అననన్నాడు. కానీ ఏ చట్టంలో ఏముందని వకీళ్ళు ఎంతసేపైనా వాదించుకోనీ, గాలాడని పెట్టెలో ప్రాణిని కుక్కి దొంగదారిని తోలడం మాత్రం ఎక్కడా ఒప్పు కాదన్నాడు. సరిహద్దు దాటిపోతే మళ్ళీ దొరకవనీ, ఈ ఎండకి సగం దారిలోనే చస్తాయనీ చెప్పాడు. ఆ రోజు చెప్పిందంతా తెలుగులోనే.

అప్పటికే ఆయన ఒకసారి భంగపడి ఉన్నాడు. ఎవరో ఇచ్చిన సమాచారం నమ్మి, టార్పాలిను కప్పిన బండిని నడిరోడ్డు మీద ఆపించి విప్పిస్తే లోపల బాతులున్నాయి. బాతుల ఆసామీ పెద్ద నోరున్నవాడు. పైదాకా వెళ్ళి ఫిర్యాదు చేశాడు. ఇంకోసారి ఇలా జనాన్ని ఇబ్బంది పెడితే ఈ పని నుంచి తప్పించేస్తామని పైవాళ్ళు గట్టిగానే చెప్పారట. బజారులో కుర్రాళ్ళు ఆయన జీపు కనిపిస్తే బాతుల్లా అరిచేవాళ్ళు. ఆయన తల తిప్పేవాడు కాదు గానీ, చెవులు ఎర్రబడేవి.

అటువంటి సమయంలో ఒక శుక్రవారం మా కొట్టుకి కొత్త మనిషొకడు వచ్చాడు. నుదుట సింధూరం, మెళ్ళో కాషాయం తువ్వాలు. ఆంజనేయస్వామికి మొక్కుందనీ, కోతులకి పెట్టడానికి శెనగలు బస్తాలకొద్దీ కావాలనీ అన్నాడు. మొక్కు అనేసరికి మా అత్తగారే లేచొచ్చారు. మొక్కు సరుకంటే మా బజారులో ఒక పద్ధతుంది. కొనేవాడు బేరమాడడు. అమ్మేవాడు తూచిన దానిమీద దోసిళ్ళతో కొసరు పోస్తాడు. ఆ గింజ దేవుడి దగ్గరికి చేరేదాకా ఎవరూ రుచి చూడరు. చూస్తే ఎంగిలి. పసిపిల్లలకి కూడా ఇక్కడ ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. మా అత్తగారు దోసిళ్ళతో కొసరు పోస్తూ, మా కొండ దగ్గరే పెట్టు నాయనా, అక్కడివి చాలా మంచివి, చేతికొస్తాయి అని దారి కూడా చెప్పారు. రేపు శనివారం పొద్దున్న నేనూ వస్తానన్నారు. అతను విన్నాడు. వింటూ బస్తాలోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుని పటపటా నమిలాడు. గట్టిగా ఉన్నాయి, ధర తగ్గించమన్నాడు.

నేను ఫోన్లో ఉండి పట్టించుకోలేదు. అతను వెళ్ళాక మా అత్తగారు మొహం మాడ్చుకుని కూచున్నారు. మొక్కు శెనగలు ఎంగిలి చేశాడు, పాపం నా కొట్లో జరిగిందని ఆవిడ బాధ. అజ్ఞాని, ఏ ఊరివాడో, పోనివ్వండన్నాను.

మర్నాడు పొద్దున్న బకెట్టుతో కొండ దగ్గరికి వెళితే ఒక్క కోతి లేదు. మెట్ల మీద లేదు, గోడ మీద లేదు, చెట్ల మీదా లేదు. మా అత్తగారు ఎప్పుడూ పిలిచే పిలుపు పిలిచారు. ఒక్కటీ పలకలేదు. గుడి వెనక నేలంతా పొడి శెనగలు చల్లి ఉన్నాయి. మట్టి మీద ఏవో పెట్టెలు ఈడ్చిన చారలు. ఆవిడ మెట్టు మీద కూలబడ్డారు. నేను ఫారెస్టరు బాబుకి ఫోన్ చేసి చెప్పబోతే ఆవిడ ఫోన్ లాక్కుని, ఏడుస్తూ, ముందుగా చెప్పింది కోతుల సంగతి కాదు.

"మొక్కు సెనగలు నోట్లో ఏసుకున్నాడయ్యా ఆడు. నా కళ్ళతో సూసినాను."

ఇంకొకరైతే ముసలావిడ చాదస్తమని పక్కన పెట్టేవారు. ఆయన మాత్రం, బేరం కూడా ఆడాడా మామ్మ గారూ అని అడిగాడు. ఆడాడన్నారు. తెల్లవారుజామునే పట్టి ఉంటారనీ, తను గిరిసోల వెళుతున్నాననీ, మనిషిని గుర్తుపట్టాలి గనక మమ్మల్నీ నేరుగా అక్కడికే రమ్మనీ చెప్పాడు. అంతా తెలుగులోనే చెప్పాడు. నేను వెంటనే మా ఆయన్ని ఆటో తియ్యమన్నాను.

మేం చేరేసరికి ఆయన గార్డులతో సరిహద్దు గేటు దగ్గర బళ్ళు ఆపిస్తున్నాడు. ఆ గేటు దాటితే అవతల ఆంధ్రా. పై అధికారికి ఏం చెప్పి వచ్చారని మా ఆయన మెల్లిగా అడిగారు. నిజమే చెప్పానన్నాడు. శెనగ గింజ నమిలినందుకా అని ఆ అధికారి ఫోన్లోనే నవ్వాడట. బాతుల సంగతి మళ్ళీ గుర్తుచేశాడట. ఎండ మాడ్చేస్తోంది. ఒక్కో బండీ వస్తోంది, పోతోంది. కొబ్బరికాయలు, ఇటుకలు, పెళ్ళివారి బస్సు. ఆలస్యమైన ప్రతి నిమిషానికీ ఆ పెట్టెల్లో ఏమవుతోందో అని మా అత్తగారు స్వామిని తలుచుకుంటూనే ఉన్నారు. బహుశా మేం రాకముందే దాటిపోయాయేమో అని నేను లోలోపల అనుకున్నాను గానీ పైకి అనలేదు.

పనసకాయలు నింపుకున్న ఒక వ్యాను వచ్చి ఆగింది. డ్రైవరు పక్కన కూచున్న మనిషి నుదుట సింధూరం లేదు, తువ్వాలు లేదు. మా అత్తగారు దగ్గరికి వెళ్ళి, అద్దంలోంచి తేరిపార చూసి, వీడే అన్నారు. అతను దిగి దణ్ణాలు పెట్టాడు. ఈ ముసలమ్మెవరో తనకి తెలియదనీ, ఆలస్యమైతే కాయ చెడిపోతుందనీ మొదలెట్టాడు. గార్డులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పైన ఉన్నవి పనసకాయలే, అనుమానం లేదు. వాసన కూడా పనసదే. ఫారెస్టరు బాబు టార్పాలిను తాడు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. ఆ ఆగడంలో ఆయన ఏం ఆలోచించాడో నాకు తెలుసు. వెనక ఆగిన బళ్ళలోంచి ఎవడో బాతులా అరిచాడు కూడా. ఆయన తాడు విప్పాడు.

పనసకాయల కింద చెక్కపలకలు. పలకల కింద జల్లెడ రేకుతో కొట్టిన పెట్టెలు. పెట్టెల్లో మా కోతులు. అన్ని కోతులుండీ ఒక్క చప్పుడు లేదు. నోళ్ళు తెరుచుకుని, ఒకదాని మీదొకటి పడి, మమ్మల్నే చూస్తున్నాయి. మా అత్తగారు ఒక్కసారి గట్టిగా ఏడ్చేశారు. గార్డులు అప్పటికే ఆ మనిషినీ డ్రైవరునీ పట్టుకున్నారు. పెట్టెల్ని నీడలోకి దింపించి ఫారెస్టరు బాబు నీళ్ళు తెమ్మని అరిచాడు. తెచ్చారు గానీ పట్టడానికి ఎవరూ ముందుకి రాలేదు, కరుస్తాయని. ఆయనే కూచున్నాడు. నీళ్ళ క్యాను మూతతో నీళ్ళు తీసి జల్లెడ దగ్గర పెట్టాడు. సగం నీళ్ళు నేలమీదే ఒలికిపోయాయి. లోపలినుంచి ఒక తల్లి కోతి చెయ్యి బయటికి పెట్టి ఆయన వేలు పట్టుకుంది. ఆయన మొహం పాలిపోయింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"తాగే తల్లీ, తాగు. ఏటీ లేదు, బయపడకు" అన్నాడు. ఎవరితో అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

పశువుల డాక్టరు వచ్చి ఒక్కొక్కదాన్నీ చూశాడు. అన్నీ బతికే ఉన్నాయన్నాడు. ఆ మాట విన్నాక నేను అక్కడే రోడ్డు పక్కన కూచున్నాను. ఇంకాసేపు ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పబోయాడు, నేను వినలేదు. పట్టుబడినవాళ్ళ మాటల మీద అవతలి రాష్ట్రం పోలీసులు ఒక గోడౌను మీద పడి, అక్కడ దాచిన కోతుల్ని కూడా విడిపించారని తర్వాత తెలిసింది. బజారులో బాతుల అరుపులు మానేశారు.

కోర్టు అనుమతి వచ్చాక కోతుల్ని వదిలే రోజున ఆయన మా అత్తగారిని ప్రత్యేకంగా రమ్మన్నాడు. చేతిలో ఏమీ తేవద్దన్నాడు. గౌరవానికి పిలిచాడనుకుని ఆవిడ పట్టుచీర కట్టుకున్నారు. రోడ్డుకి దూరంగా, కొండ వెనక వైపు పెట్టెలు దింపి తలుపులు తీశారు. కోతులు బయటికొచ్చాయి. కాసేపు అటూ ఇటూ చూశాయి. అడవి అంత దగ్గరుంటే అటు పోలేదు. మా అత్తగారిని చూసి, చేతులు చాపుకుంటూ ఆవిడ దగ్గరికే రాసాగాయి. గార్డులు కర్రలు ఆడించారు, లెక్కచెయ్యలేదు. ఫారెస్టరు బాబు కేకలేశాడు, ఆయన గొంతు విని పిల్లకోతి కూడా జడవలేదు. మా అత్తగారు మురిసిపోతూ ఒంగోబోయారు. అప్పుడాయన అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"మీ సేత్తోనే తరమాల మామ్మ గారూ. మేం తరిమితే మాకే బయపడతాయి. మీరు తరిమితే మనుసులందరికీ బయపడతాయి."

ఆవిడ ఆయన మొహంలోకి చాలాసేపు చూశారు. తిడతారనుకున్నాను. ఒంగి ఒక మట్టిగడ్డ తీసుకున్నారు. ముందుకొచ్చిన తల్లి కోతి ఇంకా చెయ్యి చాపే ఉంది. పొండి, ఎల్లిపోండి అని, నేను ఎప్పుడూ వినని గొంతుతో అరిచి విసిరారు. గడ్డ దాని కాళ్ళ దగ్గర పడి చిట్లింది. అది ఒక్క గెంతు గెంతి వెనక్కి తిరిగింది. దాని వెంటే మందంతా పొదల్లోంచి, బండల మీంచి, కొండ పైకి పరుగు తీసింది. మమ్మల్ని చూసి కోతులు పారిపోతుంటే అంత హాయిగా ఉంటుందని నాకెవరు చెప్పినా నమ్మి ఉండేదాన్ని కాదు. మా అత్తగారి కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. పట్టుచీర కొంగంతా మట్టి.

ఫారెస్టరు బాబు కొండకేసి చూస్తూ ఇంకో గడ్డ ఏరి, ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇంకోటి ఇసరండి మామ్మ గారూ. ఆ సిన్నది ఇంకా సూస్తంది."

మా అత్తగారు విసిరారు. అదీ వెళ్ళిపోయింది.